వెల చెల్లించిన తరువాత ఇంకేమి బాకీ?

లక్డారం నుండి పటాన్‌చెరుకో, ఇస్నాపూర్‌కో, సంగారెడ్డికో నెల సరుకుల కోసం వెళ్ళే కుటుంబాలకు గత కొన్నేళ్ళలో ఒక ప్రశ్న బాగా అలవాటైపోయింది. బియ్యం, పప్పు, నూనె, సబ్బులు కౌంటర్ మీద పెట్టీ పెట్టకముందే, మొత్తం ఎంతయిందో చెప్పకముందే, అక్కడి అబ్బాయి "నంబర్ చెప్పండి" అంటాడు. ఎందుకని అడిగేవారు అరుదు. పది అంకెలు చెప్పేసి సంచి అందుకుంటారు. మందుల దుకాణంలోనూ ఇదే వరుస. బట్టల దుకాణంలోనూ, పిల్లల చెప్పుల దుకాణంలోనూ ఇదే. కొన్నిచోట్ల నంబరుతో ఆగరు. పేరు, పుట్టినరోజు, పెళ్ళిరోజు, ఉండే వీధి కూడా అడుగుతారు.

ఇంత చిన్న విషయానికి ఒక వ్యాసమా అని పాఠకులు అనుకోవచ్చు. కాని మా మదర్సాకు పిల్లలను తీసుకువచ్చే తల్లులు చెప్పుకునే ఇబ్బందులలో ఇది తరచుగా వినిపిస్తోంది. తెలియని నంబర్ల నుండి ఫోన్లు వస్తాయి. అవతలివారు పేరుపెట్టి పిలుస్తారు. మీకు బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ వచ్చి తీసుకోండి అంటారు. అప్పు కావాలా అంటారు. పరాయి మగవాడికి తన పేరు, తన నంబరు ఎలా తెలిశాయో ఆ తల్లికి అర్థం కాదు. ఇంట్లో భర్త అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు ఉండదు. సంసారంలో లేని అనుమానం ఒకటి ఇలా ఎక్కడినుండో వచ్చి చేరుతుంది. కనుక ఈ పది అంకెల సంగతిని కొంచెం నెమ్మదిగా ఆలోచించడం అవసరమని మేము భావిస్తున్నాము.

దుకాణం ఎందుకు అడుగుతుంది?

పాత రోజుల్లో కిరాణా కొట్టు యజమానికి మన నంబరు తెలియదు గాని మన ఇల్లంతా తెలుసు. ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో జబ్బు, ఎవరికి ఏ నెలలో జీతం ఆలస్యమైంది అన్నీ అతనికి ఎరుకే. ఉద్దెర పుస్తకంలో మన పేరు ఉండేది. కాని ఆ పుస్తకం ఆ కొట్టు దాటి పోయేది కాదు. అందులో వ్రాసింది బాకీ మాత్రమే, బాకీ తీరిన రోజున గీత కొట్టేసేవారు. అతడు మనలను ఎంత ఎరుగునో మనమూ అతనిని అంతే ఎరుగుదుము.

నేటి పెద్ద దుకాణాలకు ఆ ముఖపరిచయం లేదు. దాని స్థానంలో వారికి కావలసింది ఒక తాళంచెవి. మనిషి ఇల్లు మారుతాడు, కంపెనీ మారుతాడు, కాని ఫోన్ నంబరును ఏళ్ళ తరబడి మార్చడు. అందువలన ఈ నెల కొన్నదానిని గత నెల కొన్నదానితో, ఈ ఊరి శాఖలో కొన్నదానిని మరో ఊరి శాఖలో కొన్నదానితో కలపడానికి నంబరుకు మించిన సాధనం లేదు. ఏ ఇంట్లో పసిపాప ఉంది, ఏ ఇంట్లో షుగరు రోగి ఉన్నాడు, ఎవరు పండుగకు ముందు ఎంత ఖర్చు పెడతారు అన్నది బిల్లుల వరుసే చెప్పేస్తుంది. మనం నోరు విప్పి చెప్పనవసరం లేదు.

ఇందులో అంతా చెడే ఉందని మేము అనము. పాయింట్లు జమ చేసి తగ్గింపు ఇవ్వడం, కాగితానికి బదులు ఫోన్‌కు బిల్లు పంపడం, మిక్సీ పాడైతే వారంటీ వెతికి చూడడం, ఇవన్నీ కొనుగోలుదారుకు పనికివచ్చేవే. అయితే ఈ సౌకర్యం కావాలా అని అడగడం వేరు, నంబరు లేనిదే బిల్లు రాదన్నట్లు అడగడం వేరు. మొదటిది మర్యాద, రెండవది బలవంతం. నేడు ఎక్కువచోట్ల జరుగుతున్నది రెండవదే.

ఆ నంబరు ఎక్కడిదాకా పోగలదు?

2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. సుమారు 16 కోట్ల 80 లక్షల మంది భారతీయుల వ్యక్తిగత వివరాలు వారి వద్ద అమ్మకానికి ఉన్నట్లు తేలింది. మరికొద్ది రోజులకే, ఏప్రిల్ మొదట్లో, హర్యానాలోని ఫరీదాబాద్‌కు చెందిన మరొక వ్యక్తిని అరెస్టు చేశారు. అతని వద్ద 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందిన 66 కోట్ల 90 లక్షల మంది వ్యక్తుల, సంస్థల సమాచారం ఉందని పోలీసులు ప్రకటించారు. విద్యార్థులు, ఉద్యోగులు, వాహనాల యజమానులు, పేరొందిన ఆన్‌లైన్ సంస్థల వినియోగదారులు, ఇలా వర్గాలుగా విడదీసి మరీ అమ్మకానికి పెట్టారు. మొదటి కేసులో 50,000 మంది వివరాలను 2,000 రూపాయలకే అమ్మినట్లు అప్పట్లో వెల్లడైంది. లెక్క కట్టండి, మనిషికి నాలుగు పైసలు.

ఆ సమాచారం సరుకుల దుకాణాల బిల్లుల నుండే పోయిందని మేము చెప్పడం లేదు. అది అనేక చోట్ల నుండి కారిపోయి ఒకచోట చేరినది. మేము చూపదలచినది ఒక్కటే. ఒకసారి ఒక పట్టికలోకి ఎక్కిన పేరు, నంబరు ఎవరి చేతికి చేరుతాయో ఇచ్చినవానికి తెలియదు, చాలాసార్లు తీసుకున్నవానికీ తెలియదు. ఇచ్చిన చోట్లు ఎంత తక్కువైతే కారే చోట్లు అంత తక్కువ.

దుకాణం నిజాయితీగానే దాచినా దుకాణమే మూతపడితే ఏమి జరుగుతుంది? అమెరికాలో రేడియోషాక్ అనే ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణాల సంస్థ ఉండేది. చిన్న బ్యాటరీ కొన్నా వివరాలు అడుగుతారని దానికి పేరు. 2015లో ఆ సంస్థ దివాలా తీసినప్పుడు, దాని ఆస్తులతో పాటు సుమారు 11 కోట్ల 70 లక్షల మంది కొనుగోలుదారుల సమాచారం కూడా అమ్మకానికి వచ్చింది. అనేక రాష్ట్రాల ప్రభుత్వాలు అభ్యంతరం తెలిపిన మీదటనే అందులో అధికభాగాన్ని అమ్మకం నుండి తొలగించారు. దుకాణం పోయినా పుస్తకం పోదు. అది మరొకరి సొమ్ము అవుతుంది. అదే దేశంలోని కాలిఫోర్నియాలో, క్రెడిట్ కార్డుతో డబ్బు చెల్లించే కొనుగోలుదారుని ఇంటి పిన్‌కోడ్ అడిగి నమోదు చేసుకోవడం కూడా చట్టవిరుద్ధమేనని 2011 ఫిబ్రవరిలో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. మన పిల్లలు ఎందరో ఉద్యోగాలు చేసుకుంటున్న ఆ నేల మీద పిన్‌కోడ్‌కు అంత విలువ ఉంటే, ఇక్కడ బ్యాంకు ఖాతాతో, ఆధార్‌తో, గ్యాసు కనెక్షన్‌తో ముడిపడిన ఫోన్ నంబరుకు ఎంత విలువ ఉండాలి!

మన పారిశ్రామిక వాడల్లో ఈ విలువ మరీ ఎక్కువ. లక్డారం క్రషర్లలోను, పాశమైలారం, బొల్లారం కంపెనీలలోను పనిచేసే బీహారు, ఒడిశా కూలీలకు ఒకే ఫోను, ఒకే నంబరు. జీతం పడేది దాని మీదనే, ఊరిలోని తల్లికి డబ్బు పంపేది దాని మీదనే. అందులో ఒక మోసపు ఫోను ఒక నెల కూలిని ఊడ్చుకుపోగలదు.

ఇంతకంటే సూక్ష్మమైన నష్టం ఇంకొకటి ఉంది. కొన్ని దుకాణాలలో నంబరు సరైనదో కాదో చూడడానికి ఫోన్‌కు ఓటీపీ పంపి, దానిని చెప్పమంటారు. వరుసలో పదిమంది వినేలా మన వృద్ధ తల్లిదండ్రులు ఆ అంకెలను చదివి వినిపిస్తారు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని బ్యాంకులు ఒకవైపు మొత్తుకుంటూ ఉంటే, అడిగిన ప్రతివానికీ చెప్పే అలవాటును మరోవైపు బిల్లు కౌంటర్లు నేర్పుతున్నాయి. రేపు మోసగాడు అదే మాట అడిగినప్పుడు ఆ ముసలి తండ్రి నోరు తనంతట తానే తెరుచుకుంటుంది. అలవాటుకు మంచి చెడులు తెలియవు.

చట్టం ఏమంటున్నది?

బిల్లుకు ఫోన్ నంబరు అవసరమన్న మాటకు చట్టంలో ఆధారం లేదు. జీఎస్టీ నియమాల ప్రకారం, సాధారణ కొనుగోలుదారుని పేరు, చిరునామా బిల్లుపై తప్పనిసరి అయ్యేది సరుకు విలువ 50,000 రూపాయలు లేదా అంతకు మించినప్పుడే. అంతకు తక్కువైతే కొనేవాడు కోరితేనే వ్రాస్తారు. ఆ నియమాలలో ఎక్కడా ఫోన్ నంబరు ఊసే లేదు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో చిల్లర వ్యాపార సంఘాలకు ఒక సూచన జారీ చేసింది. నంబరు ఇవ్వనిదే బిల్లు ఇవ్వమనడం వినియోగదారుల రక్షణ చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతి అని ఆ శాఖ కార్యదర్శి అప్పుడు స్పష్టం చేశారు.

వ్యక్తిగత గోప్యత ప్రతి పౌరుని ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో ఏకగ్రీవంగా ప్రకటించింది. దాని తరువాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. దీని నియమావళిని 2025 నవంబరులో ప్రకటించారు. నోటీసు, సమ్మతి వంటి ప్రధాన బాధ్యతలు పాటించడానికి సంస్థలకు అప్పటినుండి 18 నెలల గడువు ఇచ్చారు. ఈ చట్టం సారాంశాన్ని గృహిణులు కూడా గుర్తుంచుకోగల నాలుగు మాటలలో చెప్పవచ్చు. ఎందుకు తీసుకుంటున్నారో ముందుగా చెప్పాలి. ఆ పనికి అవసరమైనంత వరకే తీసుకోవాలి. సమ్మతి స్వేచ్ఛగా, షరతు లేకుండా ఉండాలి. ఇచ్చినంత తేలికగా దానిని వెనక్కు తీసుకునే వీలుండాలి. ఈ నోటీసును తెలుగులో చదువుకునే అవకాశం ఇవ్వవలసిన బాధ్యత కూడా ఈ చట్టం సంస్థలపై పెట్టింది. సమాచారాన్ని కాపాడడంలో నిర్లక్ష్యం చేస్తే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చు.

ఆ చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఒక వ్యక్తి మందుల దుకాణంలో కొనుగోలు చేసి, డబ్బు ముట్టినట్లు ఫోన్‌కు సందేశం పంపమని తానే నంబరు ఇస్తే, ఆ దుకాణం ఆ పనికి దానిని వాడుకోవచ్చు. రశీదు కోసం ఇచ్చినది రశీదుకే. పండుగ ఆఫర్ల కోసం కాదు, మరొకరికి అందించడం కోసం కాదు.

అయితే వివరాలు ఇవ్వవలసిన సందర్భాలు కూడా ఉన్నాయి. రెండు లక్షల రూపాయలకు మించిన నగలు కొంటే పాన్ వివరాలు అడుగుతారు. హెచ్1 షెడ్యూలులోని మందులు కొంటే రోగి పేరును, వ్రాసిన వైద్యుని పేరును ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయడం మందుల దుకాణదారుని విధి. సామాను ఇంటికి చేర్చాలంటే చిరునామా చెప్పక తప్పదు. ఇటువంటి చోట్ల నిరాకరించడం తగదు. అవసరం ఉన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. అవసరం లేని ప్రశ్నకు ఎందుకని అడగాలి.

బేరం ఎక్కడ పూర్తవుతుంది?

మదర్సాలలో కొనుగోలు అమ్మకాల అధ్యాయం మొదలుపెట్టిన రోజున విద్యార్థి నేర్చే మొదటి పాఠం ఈజాబ్, ఖబూల్. ఒకరు ఇస్తానంటారు, మరొకరు తీసుకుంటానంటారు. సరుకు ఏదో తెలియాలి, వెల ఎంతో తెలియాలి, ఇద్దరి మనసులు ఒప్పుకోవాలి. ఇంతటితో బేరం పూర్తయింది. సరుకు కొన్నవానిది, వెల అమ్మినవానిది. ఈ లెక్కలో ఫోన్ నంబరు ఎక్కడ ఉంది? అది సరుకు కాదు, వెల కూడా కాదు. వెల అయితే ముందే చెప్పి ఉండవలసింది. ఒప్పందానికి చెందని, ఒక పక్షానికి మాత్రమే లాభం చేకూర్చే షరతులను మన ఫుఖహాలు ఎంత కఠినంగా పరిశీలించారో ఆ అధ్యాయం చదివినవారికి తెలుసు. ఇక్కడ మేము ఫత్వా ఇవ్వడం లేదు. పాఠాన్ని గుర్తుచేస్తున్నాము, అంతే.

ఇంకొక విషయం. దివ్యఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన ఆయత్, బఖరా సూరాలోని 282వది, అప్పు లావాదేవీల గురించినది. గడువు పెట్టి ఇచ్చిపుచ్చుకునే అప్పును వ్రాసుకోవాలని, న్యాయంగా వ్రాయాలని, సాక్షులను పెట్టుకోవాలని అందులో ఆదేశం ఉంది. అదే ఆయత్‌లో, అప్పటికప్పుడు చేతులు మారే రొక్కపు వ్యాపారాన్ని వ్రాయకపోయినా దోషం లేదన్న మినహాయింపు కూడా ఉంది. వ్రాతకు ఒక ప్రయోజనం ఉంటుంది, ఆ ప్రయోజనం ఉన్నచోట అది విధి, లేనిచోట మనిషిని వదిలివేయాలి అన్న వివేకం ఇందులో కనిపిస్తుంది. ఉద్దెర పుస్తకంలో పేరు వ్రాయడం ధర్మమే. రొక్కం పెట్టి సబ్బు కొన్నవాని పేరు, పెళ్ళిరోజు వ్రాసుకోవడానికి ఏ ప్రయోజనం ఉందో అడిగే హక్కు అతనికి ఉంది.

అబద్ధపు నంబరు ఇవ్వవచ్చునా?

కొందరు ఈ బెడద తప్పించుకోవడానికి నోటికి వచ్చిన పది అంకెలు చెప్పేస్తున్నారు. యువకులు దీనిని తెలివిగా భావిస్తున్నారు. ఆ పది అంకెలు గాలిలో లేవు. అవి ఎవరో ఒకరి నంబరు. మన బిల్లు ఆమెకు పోతుంది, మనకు రావలసిన ఫోన్లు ఆమెను వేధిస్తాయి. మన ఇబ్బందిని ముక్కూ మొహం తెలియని మరొకరి నెత్తిన పెట్టడం తెలివి కాదు, అది అబద్ధము, అన్యాయము కూడా. "నంబరు ఇవ్వను, బిల్లు ఇవ్వండి" అనే నిజం చెప్పగలిగినప్పుడు అబద్ధం అవసరమేముంది? నంబరు లేనిదే సిస్టమ్ తీసుకోదని కౌంటర్‌లో చెబుతారు. మర్యాదగా రెండవసారి చెప్పి చూడండి. చాలాచోట్ల సిస్టమ్ తీసుకుంటుంది.

ఆ మాట చెప్పేటప్పుడు కౌంటర్ వెనుక ఉన్న అబ్బాయి మీద గొంతు పెంచవద్దు. అతడు మన పిల్లవాడే. పన్నెండు గంటలు నిలబడి పనిచేసేవాడు. రోజుకు ఎన్ని నంబర్లు తీసుకున్నాడో అతని పైవారు లెక్క అడుగుతారు. నియమం పెట్టినవారు వేరు, అడిగే నోరు వేరు. ఫిర్యాదు ఉంటే మేనేజరుతో చెప్పాలి, లేదా పైకి వ్రాయాలి.

వ్యాపారం చేసే సోదరులకు

మన సోదరులలో ఎందరికో కిరాణా, మొబైల్, బట్టల దుకాణాలు ఉన్నాయి. చిన్న దుకాణాలు కూడా ఇప్పుడు కంప్యూటర్ బిల్లింగ్ పెట్టుకుని, పెద్దవారిని చూసి నంబర్లు అడగడం మొదలుపెట్టాయి. వారికి మా మనవి ఇది. మీ దగ్గరకు చేరిన ప్రతి నంబరు అమానతు. దైవప్రవక్త (సల్లం) మక్కా విడిచి వెళ్ళే రాత్రి, తనను చంపదలచినవారి వస్తువులు సైతం తన వద్ద భద్రంగా ఉన్నందున, వాటిని ఎవరివి వారికి అప్పగించడానికి హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు. అమానతు విషయంలో స్నేహం, వైరం లెక్కలోకి రావని ఆ ఘటన తెలుపుతుంది.

కనుక అవసరం లేకుండా అడగకండి. అడిగితే ఎందుకో ఒక్క మాటలో చెప్పండి. స్త్రీల నంబర్లు ఉన్న పుస్తకాన్ని కౌంటర్ మీద తెరిచి ఉంచకండి. రీచార్జ్ దుకాణాలలో పనిచేసే కుర్రవాళ్ళపై ఈ విషయంలో ప్రత్యేక నిఘా అవసరం. నెలనెలా ఎవరికీ అమ్మకండి, ఎవరికీ ఊరకే ఇవ్వకండి. తీసివేయమని కోరినవారి నంబరు ఆ రోజే తీసివేయండి. ఈ మాట దుకాణాలకే కాదు. విద్యార్థుల తల్లిదండ్రుల నంబర్లు ఉండే మదర్సాలకు, చందా రశీదులు వ్రాసే కమిటీలకు, పెళ్ళి సంబంధాల వివరాలు సేకరించేవారికి కూడా ఇది అంతే వర్తిస్తుంది.

ఇంటిలో చేయదగినవి

నంబరు అడిగినప్పుడు "ఎందుకు?" అని ఒక్కసారి అడిగే అలవాటు ఇంటిల్లిపాదికీ చేయండి. జవాబు నచ్చితే ఇవ్వండి, నచ్చకపోతే మర్యాదగా నిరాకరించండి.

పాయింట్లు, తగ్గింపు కావాలనుకుంటే ఇంటికి ఒక నంబరు నిర్ణయించుకోండి. అది బ్యాంకు ఖాతాతో ముడిపడినది కాకుంటే మేలు. ఇంట్లోని ఆడపిల్లల నంబర్లు మాత్రం కౌంటర్లలో చెప్పనివ్వకండి.

లక్కీ డ్రా పెట్టెలలో చీటీలు నింపి వేయకండి. పేరు, నంబరు, పుట్టినరోజు, జీతం మన చేత్తోనే వ్రాసి తెలియనివారికి అప్పగించడమే అది.

కౌంటర్‌లో ఓటీపీ అడిగితే ముందు ఆ సందేశాన్ని పూర్తిగా చదవండి. చదువురాని పెద్దలకు పిల్లలు చదివి వినిపించాలి. డబ్బు మాట ఉంటే ఎవరికీ చెప్పకూడదు.

అనవసర ఫోన్లు ఆపడానికి 1909కు ఫోన్ చేసి నమోదు చేసుకోవచ్చు. నంబరు ఇవ్వనందుకు బిల్లు నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. మోసపోయి డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇతరుల గడప తొక్కే ముందు అనుమతి కోరమని, అనుమతి లభించకపోతే వెనుదిరగమని మనకు బోధ ఉంది. వెనుదిరిగినవాడు దానిని అవమానంగా భావించడు, వద్దన్న ఇంటివారు దానిని తప్పుగా తలచరు. ఫోన్ కూడా నేడు ఇంటికి ఒక గడప అయింది. దానిని తట్టే హక్కు ఎవరికి ఇవ్వాలో నిర్ణయించవలసింది ఆ ఇంటివారే. ఆ నిర్ణయాన్ని వరుసలో వెనుక నిలబడినవారి తొందరకు వదిలివేయరాదు. అడిగేవాడు మర్యాదగా అడగడం, వద్దనేవాడు మర్యాదగా వద్దనడం, తీసుకున్నవాడు నమ్మకంగా కాపాడడం, ఈ మూడూ ఉన్న బజారులో బరకత్ ఉంటుంది. అటువంటి బజారులను అల్లాహ్ మన ఊళ్ళకు ప్రసాదించుగాక! ఆమీన్.